పొందూరు మడిబట్ట

మొన్న ఒక పెద్దమనిషి బొబ్బిలి నుంచి రైల్లో వచ్చి, స్టేషన్లో దిగి నేరుగా నా కొట్టుకొచ్చాడు. ఆమదాలవలసలో బట్టల కొట్లు ఆరేడున్నా, పొందూరు బట్ట కావాలంటే నగరేశ్వరరావు కొట్టుకే పొమ్మని స్టేషన్లోనే చెప్తారు. స్వరాజ్యం వచ్చి ఏడాది దాటింది కదా, ఇప్పుడు ప్రతివాడికీ పొందూరు పంచె కావాలి. ఈయనకు మనవరాలి పెళ్ళిలో పీటల మీద కట్టుకోవడానికట. విప్పి చూపించాను. మురిసిపోయాడు. అప్పుడు నేను అందరికీ చెప్పే మాటే ఆయనకూ చెప్పాను. ఈ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారండీ, పట్టింపు ఉంటే ఇప్పుడే ఆలోచించుకోండి అన్నాను. ఆయన పంచెను కింద పడేసి, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు అడిగాడు. ఇచ్చాను.

తోటి వర్తకులు నన్ను పిచ్చివాడి కింద జమకట్టారు. అడగని వాడికి చెప్పడమెందుకయ్యా, అడిగినా మాట దాటెయ్యాలి గాని అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పకపోతే ఏమవుతుందో, చెబితే ఏమవుతుందో వీళ్ళకేం తెలుసు? నేను రెండూ చేసినవాణ్ణి. ఊళ్ళో మావాళ్ళందరి దృష్టిలో, తెలిసి తెలిసి పెళ్ళానికి చేప ముట్టిన బట్ట మడికి తెచ్చిపెట్టిన మనిషిని. నా భార్యే నలుగురిలో ఆ మాట అంటుంది. నేను తలూపుతాను. అసలు సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

భాగ్యవతి నాకు మేనమామ కూతురు, పార్వతీపురం పిల్ల. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు మాకొక్కతే పుట్టింది. అమ్మవారి పేరు కన్యాకుమారి అని పెట్టాం గాని ఎవరూ అలా పిలవలేదు, బుజ్జమ్మ అనేవాళ్ళం. నలభై రెండులో దానికి అయిదేళ్ళు. సీతాఫలమంటే దానికి ప్రాణం. భాగ్యం పండు విప్పి ముందు పెట్టి, పక్కనే కూర్చుని, గింజ మింగకు, గింజ మింగకు అని పండు అయిపోయేదాకా అంటూనే ఉండేది. మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని చెప్పేది. ఆ పిల్ల ఒక్కో గింజా నా అరచేతిలో ఉమ్మేది. కొట్టులో బేరం మధ్యలో ఉన్నా సరే, వచ్చి ఉమ్మేది. నేను కసిరేవాణ్ణి.

ఆ ఏడు ఆశ్వయుజంలో దానికి చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వచ్చేది. ఊళ్ళో సగం ఇళ్ళలో అదే జ్వరం. క్వినైను బిళ్ళలు లేవు. శ్రీకాకుళం వెళ్ళాను, విజయనగరం వెళ్ళాను, ఎక్కడా లేవు. విజయనగరంలో ఒక డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. ఆ మందు చేసే చెట్టు బెరడు జావా ద్వీపం నుంచి వస్తుందట, ఆ జావా కాస్తా జపానువాళ్ళ చేతిలోకి పోయిందట. విని, దండం పెట్టి వచ్చేశాను. జావా పోతే నా కూతురెందుకు పోవాలి? రైలంతా అదే ఆలోచించాను. నాకు అర్థం కాలేదు.

భాగ్యం శ్రీముఖలింగం స్వామికి మొక్కుకుంది. కార్తీకంలో నాలుగు సోమవారాలు ఉపవాసముండి, మడిగట్టి దీపం పెడతాననీ, ఆఖరి సోమవారం పిల్లను తీసుకుని వంశధార దాకా వెళ్ళి అభిషేకం చేయిస్తాననీ. దానికి పొందూరు బట్ట తెచ్చిపెట్టమని నన్ను అడిగింది. ఆమె చిన్నతనంలో వాళ్ళమ్మ ఆమె కోసం ఇలాగే మొక్కినప్పుడు పొందూరు బట్టే కట్టిందట, మొక్కు ఫలించిందట. పత్తిని దేనితో దువ్వుతారో పార్వతీపురంలో కూర్చున్న మా అత్తకేం తెలుసు? భాగ్యానికీ తెలియదు. మా వ్యాపారంలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఇంట్లో అసలే అనరు.

అయినా ఆ ఏడు పొందూరు బట్ట దొరికితే కదా. ఆగస్టు గొడవల తర్వాత ఖద్దరు కొట్లకు తాళాలు పడ్డాయి. నా దగ్గర గజం ముక్క లేదు. అక్కడ పిల్ల అలా పడి ఉంది, ఈమె ఒక్క బట్ట అడిగింది, లేదని చెప్పడానికి నోరు రాలేదు. కొట్టులో ఉన్న సన్నటి మిల్లుబట్ట ఒకటి తీసి, ముద్ర ఉన్న అంచు కోసేసి, గంజి పోయేదాకా రెండు సార్లు ఉతికించి, మడత పెట్టి తెచ్చిచ్చాను. ఇదిగో పొందూరుది అన్నాను. ఆమె కళ్ళకద్దుకుంది. అది నా మొదటి అబద్ధం.

మొదటి సోమవారం బాగానే గడిచింది. రెండో సోమవారం ఆమె దీపం ముందు కూర్చుని ఉండగా బుజ్జమ్మకు వాంతి అయింది. అమ్మా అని ఏడ్చింది. భాగ్యం మడిబట్టతోనే లేచి, పిల్లను ఎత్తుకుని మూతి తుడిచి, ఏడుపు ఆగేదాకా ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ స్నానం చేసి బట్ట తడిపి కట్టుకుని దీపం ముట్టుకోవాలి. పిల్ల మళ్ళీ ఏడుస్తుందేమోనని అలాగే వచ్చి కూర్చుని పూజ ముగించింది. మూడో సోమవారం కూడా అయింది. ఆ గురువారం పొద్దున్న పిల్ల పోయింది.

నేను ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు. పన్నెండో రోజు కాగానే కొట్టు తెరిచాను. అమ్మవారి పటానికి కర్పూరం వెలిగించాను, బోణీ డబ్బు కళ్ళకద్దుకున్నాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని, చెయ్యి దానంతటదే చేసింది. దేవుడి మీద కోపం కూడా రాలేదు. కోపమైనా వస్తే బాగుండేది. కొట్టుకొచ్చినవాళ్ళు అయ్యో అనేవారు, నేను ఎన్ని గజాలు కావాలి అనేవాణ్ణి. రాతి గుండె అనుకున్నారట. అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను.

భాగ్యం మాత్రం తప్పు ఎక్కడ జరిగిందా అని వెతకడం మొదలెట్టింది. వత్తులా, నూనా, మారేడు దళాలా అని ఒక్కోటీ తలుచుకునేది. మా పక్కింట్లో జగ్గమ్మ అని ఒక ఆవిడ ఉండేది, మడీ తడీ విషయంలో ఊరికంతటికీ ఆవిడదే తీర్పు. భాగ్యం పోయి పోయి ఆవిడతో రెండో సోమవారం సంగతి చెప్పింది. ఇంకేముంది, మైలబట్టతో దీపం ముట్టావు, స్వామి ఒప్పుకుంటాడా అందట ఆ మహాతల్లి. ఆ పూట నేను ఇంట్లో ఉండి ఉంటే ఏం చేసి ఉందునో నాకే తెలియదు. ఏం చేసినా అప్పటికే మించిపోయింది. తప్పు దొరికింది. పిల్లను ఎత్తుకోవడమే తప్పు.

ఆ రోజు నుంచి ఆమె తనకు తానే శిక్ష వేసుకుంది. ముందు ఒంటిపూట భోజనం. తర్వాత అందులో సగం. మళ్ళీ ఏడు వానలు పడేనాటికి రోజుకు గుప్పెడు మెతుకులు, మజ్జిగ. సీతాఫలాల బుట్ట వీధిలోకొస్తే తలుపేసుకునేది. బతిమాలాను, తిట్టాను, వాళ్ళ నాన్నను పిలిపించాను. అందరి మాటా వినేది, ఎవరి మాటా చేసేది కాదు. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. వైద్యుడు నాడి చూసి నన్ను బయటికి పిలిచి, తిండి తినకపోతే ఈ చలికాలం దాటదు అని చెప్పాడు.

క్వినైను లేక పోయిందే అని ఆమెతో నేను వందసార్లు అన్నాను. ఊరంతటికీ లేదు కదా, అయినా కొందరి పిల్లలు బతికారు కదా అనేది. యుద్ధం మీద తప్పు వేస్తే ఆమెకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. తప్పు ఎవరో ఒక మనిషిది కావాలి. ఇంట్లో ఉన్నది ఇద్దరమే. ఆమె కాకపోతే నేనే.

ఒక రోజు కొట్టులో కూర్చుని బట్ట కొలుస్తుండగా నాకు తోచింది. ఆమె పిల్లను ముట్టుకోకముందే ఆ బట్ట మైలపడి ఉంటే? కట్టుకున్న మొదటి రోజే మొక్కు చెడిపోయి ఉంటే, రెండో సోమవారం పిల్లను ఎత్తుకోవడంలో చెడేదేమీ లేదు కదా. అది మిల్లుబట్ట అని నిజం చెబితే లాభం లేదు. మిల్లుబట్ట మడికి పనికొస్తుంది, రోజూ ఆమె కట్టేది అదే. పొందూరు బట్టే అని నా పాత అబద్ధం మీదే నిలబడి, చేప దవడ సంగతి చెప్పాలి. తెలిసే తెచ్చానని కూడా చెప్పాలి. ఆమె నన్ను జన్మలో క్షమించదు. కాని తింటుంది.

ఆ మధ్యాహ్నమే వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. నేను నిలబడే చెప్పాను, కొట్టులో ధర చెప్పినట్టు. పొందూరులో పత్తిని చేప దవడతో దువ్వుతారనీ, ఎప్పటినుంచో అంతేననీ, నువ్వు కార్తీకంలో కట్టినది ఆ బట్టేననీ.

"తెలిసే తెచ్చావా బావా?" అంది.

"తెలిసే తెచ్చాను."

నన్ను తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, నేను చూడాలి, తీసుకెళ్ళు అంది. నా ప్రాణం కుదుటపడింది. పొందూరు మాకు రైల్లో రెండో స్టేషనే. ఎముక చూస్తుంది, అంతేగా అనుకున్నాను. మర్నాడు బయల్దేరేటప్పుడు చూస్తే ఆమె చంకలో ఆ మడిబట్ట మూట ఉంది. ఏడాదిగా అటక మీద నుంచి దించని బట్ట. ఎందుకని అడిగితే, ఎవరు చేశారో వాళ్ళకే చూపిస్తానంది. ఇరవై ఏళ్ళు బట్టలమ్మినవాణ్ణి, నూలు వడికే మనిషి చేతికి బట్ట అందితే ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. కాని ఆపితే అనుమానం వస్తుంది. ఏమీ అనలేక రైలెక్కాను.

పొందూరులో నాకు తెలిసిన దాలమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. అరవై ఏళ్ళ మనిషి, ఊహ తెలిసిన నాటినుంచీ రాట్నం ముందే కూర్చుంది. మేం వెళ్ళేసరికి అరుగు మీద పత్తి దువ్వుతోంది. ఎడమచేతిలో కొండపత్తి కాయ, కుడిచేతిలో ఎముక. బెత్తెడు కూడా ఉండదు. దాని అంచున సన్నటి పళ్ళు వరసగా ఉంటాయి. వాటితో గింజ మీద పత్తిని మెల్లగా దువ్వితే నలుసంతా రాలిపోయి, పోగులన్నీ ఒకే వైపుకు తిరుగుతాయి. భాగ్యం నిలబడి చూసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే దాలమ్మ ఎదురుగా అరుగు మీద కూర్చుంది.

ఇది లేకుండా చెయ్యలేరా అని అడిగింది. ఇనుప దువ్వెనలతో కూడా దువ్వి చూశారట, పోగు తెగిపోతుందని దాలమ్మ చెప్పింది. దేవుడికిచ్చే బట్టకైనా ఇదేనా అని అడిగితే, ఎవరికైనా ఇదేనంది. దాలమ్మ దాచిపెట్టలేదు, గొప్పలూ పోలేదు. మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి ఆగలేదు.

"నీకు పిల్లలెందరు?" అని అడిగింది భాగ్యం.

"ఆరుగురమ్మా. ఇద్దరున్నారు."

"తక్కినవాళ్ళు ఏ తప్పు జరిగి పోయారు?"

దాలమ్మ అప్పుడు తలెత్తి చూసింది. "తప్పేటమ్మా? జొరాలొచ్చి పోయారు" అంది.

భాగ్యం మూట విప్పి మడిబట్ట దాలమ్మ ఒళ్ళో పెట్టి, ఇది మీ ఊరిదే, ఎవరు వడికారో చెప్పగలవా అంది. నేను గొంతు సవరించుకుని, రైలుకు వేళవుతోందన్నాను. ఇద్దరూ నా వైపు చూడలేదు. దాలమ్మ బట్టను రెండు వేళ్ళ మధ్య పెట్టి రుద్దింది. అంచు నుంచి ఒక పోగు లాగి, పురి విప్పి, వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇది మాది కాదమ్మా. మిల్లు నూలు. ఇందల సెయ్యి పడ్నేదు. సావుకారికి తెల్దా ఏటి?"

భాగ్యం నా మొహంలోకి చూసింది. నేను కొట్టు మనిషిని, ఎంత ధరకైనా మొహం మార్చకుండా చెప్పగలను. ఆ రోజు చేతకాలేదు. ఆమెకు మొత్తం తెలిసిపోయింది, ఏడాది కిందటిదీ, నిన్నటిదీ. ఆమె మెల్లగా బట్ట తీసుకుని మడత పెట్టి మూట కట్టింది. దాలమ్మ మా ఇంట వండినవి మీరు తినరు కదా అంటూ పెరట్లో సీతాఫలాలు నాలుగు కోసి తెచ్చి ఆమె ఒళ్ళో వేసింది. వద్దంటుందనుకున్నాను. కొంగులో కట్టుకుంది.

స్టేషన్లో రైలు ఆలస్యమన్నారు. ప్లాట్‌ఫారం మీద బల్లకు ఆ చివర ఆమె, ఈ చివర నేను. మధ్యలో మూట. ఇక అయిపోయింది అనుకున్నాను. తప్పు మళ్ళీ ఆమె మీదికే పోయింది, పైగా నేను అబద్ధాలకోరునని తేలింది. రేపటి నుంచి ఆ గుప్పెడు మెతుకులు కూడా మానేస్తుంది. అంత అనుకున్నా నాలో ఏమీ కదల్లేదు. పట్టాల మీద ఒక కాకి ఏదో పొడుచుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను.

"ఎందుకు చెప్పావు బావా అబద్ధం?" అంది, పట్టాల వైపే చూస్తూ.

"నువ్వు చచ్చిపోతావని భయమేసింది. నువ్వు కూడా పోతే నేను బతకలేను భాగ్యం."

పెళ్ళయి పదిహేనేళ్ళు. అలాంటి మాట నేను ఆమెతో ఎప్పుడూ అనలేదు. అన్నాక సిగ్గేసింది. సైనికులున్న రైలు ఒకటి ఆగకుండా పోయింది, చాలా పొడుగు బండి. దాని ఆఖరి పెట్టె పోయేదాకా ఆమె అటే చూసింది.

"దాలమ్మకి చూపు ఆనదు" అంది అప్పుడు. "పొందూరు బట్టే అది. చేప ముట్టిన బట్టే. తెలిసి తెచ్చినోడివి నువ్వు. ఇంకెప్పుడూ మాట మార్చకు."

నేను ఆమె వైపు తిరిగాను. దాలమ్మ ఆ ఎండలో పోగు పురి విప్పి చూడడం మేమిద్దరం చూశాం. ఆమెకు చూపు ఆనుతుందో లేదో ఇద్దరికీ తెలుసు. మార్చను అన్నాను. మార్చలేదు. అందుకే ఈనాటికీ కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చేప దవడ సంగతి చెప్తాను. ఒకసారి దాచి ఇల్లు ముంచుకున్నవాడు చెప్పకుండా ఎలా ఉంటాడు? బేరాలు పోతే పోనీ అనుకుంటాను.

భాగ్యం కొంగుముడి విప్పి ఒక సీతాఫలం తీసింది. పండు బాగా మాగింది, వేళ్ళతో నొక్కితే రెండుగా విడిపోయింది. ఒక సగం తను తినడం మొదలుపెట్టింది. ఆకలిగొన్న మనిషి తిన్నట్టే తింది, ఎవరైనా చూస్తారేమోనని కూడా చూసుకోలేదు. రెండో సగం మూట మీదుగా నా చేతిలో పెట్టింది.

"తిను" అంది. "గింజ మింగకు."

ఆ మాట ఆమె నాతో అదివరకు ఎప్పుడూ అనలేదు. నేను ఒకసారి కొరికి, పండు చేత్తో పట్టుకుని ఏడ్చాను. ప్లాట్‌ఫారం నిండా జనం. తెలిసినవాళ్ళు కూడా ఉన్నారు, ఏమైందని దగ్గరికొచ్చారు. భాగ్యం వాళ్ళకేదో సమాధానం చెప్పి పంపేసింది. నోట్లో ఉన్న గింజలు ఎక్కడ వెయ్యాలో తెలియక నేను అటూ ఇటూ చూస్తుంటే, ఆమె తన అరచెయ్యి చాపింది.